నలభై రెండు పొయ్యిలు

మార్గశిరం, 2వ రోజు
ఉదయం 43. సాయంత్రం 43.

ఇవాళ్టి నుంచి ఈ పుస్తకం నాది. ఇన్నాళ్ళూ రాసిన పెద్దావిడకి చూపు మందగించింది. మా గువ్వలమెరకలో ఐదో తరగతి దాకా చదివిన ఆడవాళ్ళం ఇద్దరమే ఉన్నాం. రెండో ఆవిడ చంటిపిల్ల తల్లి. మగవాళ్ళు రాసిన లెక్కని పక్క రాజ్యాలు నమ్మవట. అందుకని నాకిచ్చారు.

మా లంకసీమ ప్రభుత్వం తరఫున వచ్చే పుల్లంరాజు గారు పుస్తకం నా చేతిలో పెట్టి చెప్పారు. "ఎడం పేజీలో అంకె వెయ్యి. కుడి పేజీలో ఆ రోజు ఊళ్ళో ఏం జరిగితే అది రాయి. మాట్లాడ్డం రాకపోయినా పర్లేదు తల్లీ, రాయడం వస్తే చాలు."

నేను తల ఊపాను.

పక్కింటి వరాలక్క తన అరుగు మీంచే అందుకుంది. "పెళ్ళయి ఏడాదైందండి, ఈ పిల్ల గొంతు నేనింకా వినలేదు. పోన్లెండి, పుస్తకమైనా వింటది."

అందరూ నవ్వారు. నేను లోపలికి వెళ్ళిపోయాను.

పని కష్టమైందేమీ కాదు. పొద్దు పొడిచే వేళ ఒకసారి, పొద్దు కుంకే వేళ ఒకసారి మంచె ఎక్కి, ఎన్ని ఇళ్ళ మీద పొగ లేస్తోందో లెక్కపెట్టాలి. అదే వేళకి పైన డేగ యంత్రం తిరుగుతుంది. అది గట్టుసీమదో రేవుసీమదో మాకు తెలియదు, రెండూ ఒకేలా ఉంటాయి. ఏ పొయ్యి వేడిగా ఉందో అది చూసుకుంటుంది. దాని లెక్కా నా లెక్కా కలిస్తే పడవల రేవు దగ్గరున్న వెలుగుపలక మీద మా ఊరి పేరు పక్కన "జనం" అని ఉంటుంది. ఆ మాట ఉన్నన్నాళ్ళూ ఏ రాజ్యం యంత్రమూ మమ్మల్ని ముట్టుకోదు.

మార్గశిరం, 5వ రోజు
ఉదయం 43. సాయంత్రం 43.

మామ్మకి నీళ్ళు కాచాను. మామ్మంటే మా ఆయన నాయనమ్మ, సూరాయమ్మ. ఎనభై ఏడేళ్ళు. మా అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది. మావయ్యగారు గట్టుసీమ తూముల దగ్గర సరుకు పడవ నడుపుతారు, రెండు నెలలకోసారి వస్తారు. ఇంట్లో ఉండేది మా ఆయన, నేను, మామ్మ.

మామ్మ ఒకప్పుడు ఊరికి మంత్రసాని. ఊళ్ళో చాలామంది పుట్టింది ఆవిడ చేతుల్లోకే. ఇప్పుడు ఆవిడకి చెంబెత్తడం కూడా రాదు. రోజూ నేనే పోస్తాను. ఎండపొయ్యి మీద పెట్టిన నీళ్ళు ఆవిడ ఒప్పుకోదు.

"ఒసే తాయారూ, అద్దంలో కాగిన నీళ్ళు నీళ్ళటే? ఒంటికి పట్టవు. పుల్ల పెట్టి కాయి."

ఎండపొయ్యి ఉంటే వంట అరగంట పని. కానీ డేగ దాన్ని లెక్కలోకి తీసుకోదు. సైనికులకీ ఎండపొయ్యిలు ఉంటాయి కాబట్టి, పుల్లల పొయ్యి మీద రెండు పూటలా వండుకునేవాళ్ళే జనం అని దూరదేశాల పెద్దసభలో రాసుకున్నారట. అందుకని నలభై మూడు ఇళ్ళలోనూ మట్టిపొయ్యిలు మెత్తి పెట్టుకున్నాం. సరుగుడు పుల్లల కోసం ఆడవాళ్ళం వారానికి రెండుసార్లు ఇసుకతిన్నె దాకా పడవ వేసుకుని వెళ్తాం. వరాలక్క దాన్ని "ఒప్పందం పుల్లలు" అంటుంది.

మార్గశిరం, 11వ రోజు
ఉదయం 43. సాయంత్రం 43.

ఇవాళ ఏకాదశి. మా ఇంట్లో ముగ్గురం ఉపవాసం. వంట చెయ్యలేదు. ఉదయం మామ్మకి నీళ్ళు మాత్రం కాచాను. సాయంత్రం కాళ్ళు లాగుతున్నాయంటే కాపడానికి మళ్ళీ కాచాను.

మంచె మీద నా లెక్కలో నలభై మూడు వచ్చింది. మాది కలపాలో వద్దో తెలియలేదు. వంట చెయ్యని పొయ్యి కదా. కిందికి దిగి పలక చూశాను. డేగ కూడా నలభై మూడే వేసింది. దానికి కావలసింది నిప్పు, నిప్పు మీద గిన్నె, గిన్నెలో ఆవిరి. గిన్నెలో ఏముందో దానికి అనవసరం.

గిన్నె సంగతి పాత రాతావిడ చెప్పింది. నాలుగేళ్ళ కిందట ఖాళీ ఊళ్ళో దాక్కున్న సైనికులు ఉత్తి మంటలు వేసి డేగని మోసం చేశారట. అప్పట్నుంచీ గిన్నె లేని మంటని దొంగమంట కింద రాస్తారు. దొంగమంట పడిన ఊరిని ఏడాదిపాటు పలక మీంచి తీసేస్తారు.

మార్గశిరం, 14వ రోజు
ఉదయం 43. సాయంత్రం 42 (పుల్లలు తడిశాయని చివరింటివాళ్ళు ఆలస్యంగా వెలిగించారు).

పాలపడవలో మా అమ్మ ఉత్తరం వచ్చింది. మా పుట్టిల్లు తాటిమెరక. నెల కిందట దాన్ని పలక మీంచి తీసేశారనీ, మూడో రోజున రేవుసీమ డేగలు వచ్చి కాల్చాయనీ అందరికీ తెలుసు. మా వాళ్ళు పడవల్లో బయటపడ్డారు. మా పెదనాన్న, ఇంకో ఇద్దరు బయటపడలేదు. ఊరు ముందే ఖాళీ అయిపోయిందని డేగ పొరపాటు పడిందని ఇన్నాళ్ళూ అనుకున్నాం. ఎందుకు పొరపడిందో ఎవరూ చెప్పలేదు.

అమ్మ రాసింది: "ఊరిపెద్ద పోయాడమ్మా. కొడుకు వచ్చేదాకా ఉంచారు. ఊళ్ళో ఎవరూ పొయ్యి ముట్టించలేదు. ముట్టించరు కదా."

ఈ మాట మూడుసార్లు చదివాను.

ఊళ్ళో శవం ఉంటే, లేచేదాకా ఎవరూ పొయ్యి వెలిగించరు. మాకూ అంతే. పిల్లలకి చద్దన్నమో, పక్క మెరక నుంచి ఎవరైనా తెచ్చిందో పెడతారు. పెద్దవాళ్ళు మంచినీళ్ళతో ఉంటారు. ఇది ఎవరూ రాసిపెట్టింది కాదు. చేస్తాం, అంతే.

పలక నియమం రాసిపెట్టి ఉంది. ఈ పుస్తకం అట్ట లోపల అచ్చువేసి ఉంది. సగం కంటే తక్కువ పొయ్యిలు వరసగా రెండు పూటలు కనబడితే, ఆ ఊరు ఖాళీ. ఖాళీ ఊళ్ళో ఆ తర్వాత ఏ వేడి కనబడినా అది సైన్యం.

మామ్మ లోపల దగ్గుతోంది.

మార్గశిరం, 15వ రోజు
ఉదయం 43. సాయంత్రం 43.

మా ఆయనకి ఉత్తరం చూపించాను. వల అల్లుతూ విన్నారు.

"ఎల్లుండి తనిఖీకి వస్తున్నారుగా," అన్నారు. "మూడు రాజ్యాలవాళ్ళూ మనింటికే వస్తారు, పుస్తకం చూడ్డానికి. అడుగు."

"మీరడగండి."

"నేనడిగితే మగాడి మాట. పుస్తకం నీది."

రాత్రంతా అడగాల్సిన మాటలు మనసులోనే అప్పజెప్పుకున్నాను.

మార్గశిరం, 17వ రోజు
ఉదయం 43. సాయంత్రం 43.

వచ్చారు. ముగ్గురూ ఒకే పడవలో వచ్చారు. గట్టుసీమ ఆయనా రేవుసీమ ఆవిడా ఎదురెదురుగా కూర్చున్నారు, మధ్యలో పుల్లంరాజు గారు. ఏటి తూముల కోసం గట్టుకీ రేవుకీ తొమ్మిదేళ్ళుగా యుద్ధం. మా లంకలు మధ్యలో ఉన్నాయి.

అరుగు మీద చాప వేశాను. టీ పెట్టి ఇచ్చి తలుపు వెనక నిలబడ్డాను. పుస్తకం తిరగేస్తూ వాళ్ళు మాటల్లో పడ్డారు. నాకు గుర్తున్నంత వరకూ రాస్తున్నాను.

గట్టుసీమ ఆయన పేరు రాజలింగం. పెద్ద మీసాలు, నెమ్మదైన మాట. "జనాన్ని కొట్టొద్దని మాకు దూరపోళ్ళు చెప్పాల్నా?" అన్నారు. "మా తాతలు లడాయికి పోతె, ముందుగాల ఆ ఊర్ల డప్పు సాటిచ్చి, ముసలోళ్ళను పిల్లగాండ్లను బయటికి పంపి, అటెన్క పోయేటోళ్ళు. ఏ సభ నేర్పింది మాకు?"

"పంపాక ఊరు తగలబెట్టేవాళ్ళు కదండీ," అన్నారు రేవుసీమ ఆవిడ. ఆవిడ పేరు ఆనందవల్లి. ఆవిడ న్యాయశాఖలో పెద్ద ఉద్యోగి.

"ఇల్లు మల్ల కట్టుకోవచ్చు మేడం."

"మేం ఒప్పందాన్ని కాదనట్లేదు. సంతకం పెట్టాం. పక్కన పదకొండు మినహాయింపులు రాసుకున్నాం. మా ఓడలున్నాయి, గోదాములున్నాయి, వాటి చుట్టూ మనుషులున్నారు. అన్నిటికీ ఒకే కొలత అంటే కుదరదు."

"పదకొండు తీసేస్తె ఇంకేం మిగిలింది?"

"మర్యాద మిగిలిందండి."

రాజలింగం గారు టీ ఒలికేలా నవ్వారు. ఆవిడ కూడా నవ్వారు. నాకు వింతగా అనిపించింది. వీళ్ళ డేగలే కదా పైన.

పుల్లంరాజు గారు నవ్వలేదు. "మీకు డేగలున్నాయి, మాకు పుస్తకాలున్నాయి," అన్నారు. "అందుకే మేం మొదటి రోజునే, ఒక్క మినహాయింపు లేకుండా సంతకం పెట్టాం. బలం ఉన్నవాడికి నియమం అడ్డు. లేనివాడికి అదే గోడ."

"మరి ఆ గోడను ఎవడన్న దూకితే? పెద్దసభ సైన్యం రావాల్నా?"

పుల్లంరాజు గారు తల అడ్డంగా ఊపారు. "వద్దు."

"మేమూ వద్దంటాం," అన్నారు ఆనందవల్లి గారు.

"కాపాడనీకి వచ్చినోడు మల్ల పోడు," అన్నారు రాజలింగం గారు. ముగ్గురూ ఆ ఒక్క మాట మీద కలిశారు. జనాన్ని ముట్టుకోకూడదనడంలో వాళ్ళకి పేచీ లేదు. ముట్టుకున్నవాడిని ఎవరు అడగాలన్న దగ్గరే, ఎవరికి వాళ్ళు తలుపు మూసుకుంటున్నారు.

అడగడానికి అదే సమయం. నోటితో అడగలేదు. చివరికి బెల్లం పళ్ళెం తీసుకెళ్ళి, పద్నాలుగో రోజు పేజీ తెరిచి, ఆ పేజీ మీద పళ్ళెం పెట్టి వచ్చేశాను.

రాజలింగం గారు పళ్ళెం జరిపి చదివారు. చాలాసేపు చదివారు. తలుపు వైపు తిరిగి, నాకు వినబడేలా అన్నారు. "మా దిక్కు గూడ గంతేనమ్మా. పీనుగ లేసేదాంక వాడల పొయ్యి ముట్టియ్యరు."

ఆనందవల్లి గారు పుస్తకం తీసుకున్నారు. "మా రేవులోనూ అంతే. మా నాన్నగారు పోయినప్పుడు వీధంతా..." అని ఆగిపోయారు. తాటిమెరక పేరు దగ్గర ఆవిడ వేలు ఆగింది. అది వాళ్ళ డేగలు చేసిన పని. ఆవిడ తల ఎత్తలేదు.

మూడు రాజ్యాలకీ ఒకే ఆచారం. ముగ్గురికీ తట్టలేదు. నియమం రాసిన దేశాల్లో చావు రోజున వండుకుంటారట. బంధువులొస్తే విందు కూడా పెడతారట. వాళ్ళకి తెలియకపోవడం తప్పు కాదు. సంతకాలు పెట్టినవాళ్ళకి తెలుసు.

"మార్చొచ్చు కదండీ," అన్నారు అరుగు చివర కూర్చున్న మా ఆయన.

"రాసి పంపండి," అన్నారు ఆనందవల్లి గారు మెల్లిగా. "పెద్దసభ వేసవిలో కూర్చుంటుంది. మినహాయింపుగా చేర్చమని అడుగుతాం. మాటివ్వలేను."

"మేం ఒప్పుకోం," అన్నారు రాజలింగం గారు. "తప్పుగ అనుకోకు తమ్మీ. చావైన ఊరికి పొయ్యి లేకున్న నడుస్తదంటే, రేపు ప్రతి దొంగ శిబిరంల చావైతది."

ఆ మాటా నిజమే. అదే కష్టంగా ఉంది.

వెళ్ళేటప్పుడు రాజలింగం గారు మామ్మ మంచం దగ్గరికి వెళ్ళి దణ్ణం పెట్టారు. మామ్మ కళ్ళు చికిలించి చూసి, "ఎవర్రా నువ్వు, మీసాలు కత్తిరించుకోవటానికి తీరిక లేదా?" అంది. ఆయన "లేదవ్వా, లడాయి నడుస్తుంది," అన్నారు.

మార్గశిరం, 20వ రోజు
ఉదయం 43. సాయంత్రం 43.

మామ్మ గంజి తాగలేదు.

మార్గశిరం, 22వ రోజు
ఉదయం 43. సాయంత్రం 43.

మావయ్యగారికి కబురు పంపాం. తూముల దగ్గర రెండు కాపలాలు దాటాలి. ఎంత త్వరగా బయల్దేరినా మూడో రోజుకి గానీ చేరలేరు.

ఊరిపెద్ద బంగారయ్య గారు వచ్చి చూసి వెళ్ళారు. మా ఆయన ఆయనకి మా అమ్మ ఉత్తరం సంగతి, నియమం సంగతి చెప్పారు. బంగారయ్య గారు చాలాసేపు గడ్డం నిమురుకున్నారు.

"చూడు గంగరాజూ, ఆవిడ నాకు బొడ్డు కోసిన మనిషి. ఆవిడ శవం వాకిట్లో ఉంటే మా ఇంట్లో అన్నం ఉడకాలా? డేగ కాలిస్తే కాల్చనీ. అన్నం మాత్రం వండం."

"పిల్లలున్నారు కదండీ."

"పిల్లల్ని పడవలెక్కించి ఎక్కడికైనా పంపుదాం."

"ఎక్కడికండీ? పడవలో కదిలే వేడిని వాళ్ళ లెక్కలో ఏమంటారో తెలీదు."

 బంగారయ్య గారు మొండిమనిషి కాదు. ఆయన కళ్ళు తడిగా ఉండటం నేను చూశాను.

మధ్యాహ్నం మామ్మకి నీళ్ళు పోశాను. పూర్తిగా తేలికైపోయింది, నేనొక్కదాన్నే ఎత్తగలిగాను. వీపు మీద వేణ్ణీళ్ళు పడగానే కళ్ళు మూసుకుని, "హాయిగా ఉందే," అంది. ఆ తర్వాత, "ఈ ఊళ్ళో అందరికీ తొలిస్నానం నేనే పోశానే తాయారూ. వెధవలు, ఒక్కడైనా తిరిగి నాకో చెంబుడు పోశాడా?" అని నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది.

మార్గశిరం, 24వ రోజు
ఉదయం 5.

మామ్మ పోయింది. తెల్లవారుతుండగా నేను లేచి పొయ్యిలో పుల్ల పెట్టబోతూ పిలిస్తే పలకలేదు. పుల్ల పక్కన పెట్టేశాను.

కబురు ఇల్లిల్లూ పాకేసరికి అయిదు ఇళ్ళవాళ్ళు అప్పటికే వెలిగించారు. డేగ వెళ్ళాక వాళ్ళూ నీళ్ళు చల్లి ఆర్పేశారు. నేను మంచె ఎక్కాను. ఇంట్లో శవం పెట్టుకుని ఎక్కకూడదేమో, కానీ పుస్తకం నాది. డేగ తూర్పు నుంచి వచ్చి రెండుసార్లు తిరిగింది. మామూలుగా ఒక్కసారే తిరుగుతుంది.

దిగేసరికి పలక మీద మా ఊరి పేరు పక్కన "జనం" లేదు. "అనుమానం" అని ఉంది.

మావయ్యగారు రేపు పొద్దున్నకి వస్తారని కబురు. ఆయన వచ్చేదాకా లేవదీయరు. అంటే సాయంత్రం పూటా పొయ్యి వెలగదు. రెండు పూటలు.

మామ్మని వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. నేను మామ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఆ పాదాలు చల్లగా ఉన్నాయి. రోజూ ఈ వేళకి వేణ్ణీళ్ళలో ఉండేవి. నీళ్ళు కాయాలి అని అలవాటుగా అనుకున్నాను. అప్పుడు ఏకాదశి నాటి ఉత్తి నీళ్ళ గిన్నె గుర్తొచ్చింది.

మా ఆయన్ని పక్కకి పిలిచి చెప్పాను. ఆయన నా మొహంలోకి చూశారు.

"వెళ్ళి చెప్పు."

"మీరు..."

"నేను మామ్మ దగ్గర ఉండాలి. మగవాళ్ళకి చెప్తే వాదన అవుతుంది. పొయ్యి దగ్గర ఉండేది ఆడవాళ్ళు. నువ్వు చెప్పు."

చావింటివాళ్ళం మేము. మైల. ఎవరి గడపా తొక్కకూడదు, మెట్లు కూడా ఎక్కకూడదు. మా ఇళ్ళన్నీ పోటు నీళ్ళకి అందకుండా స్తంభాల మీద ఉంటాయి. అంటే వీధిలో కింద నిలబడి, పైకి వినబడేలా అరవాలి. నలభై రెండు ఇళ్ళ ముందూ.

వరాలక్క ఇంటి ముందు నిలబడ్డాను. మొదటిసారి పిలిస్తే నాకే వినబడలేదు. పొద్దు ఎక్కుతోంది. ఇంకోసారి ప్రయత్నించాను.

"వరాలక్కా!"

ఆవిడ పరుగెత్తుకొచ్చింది. "ఎవరదీ? నువ్వా? నువ్వేనా అరిచింది?"

"సాయంత్రం పొయ్యి వెలిగించండక్కా."

"ఏంటే ఆ మాట? శవం వాకిట్లో ఉంటే!"

"వంటకి కాదక్కా. మామ్మకి నీళ్ళకి. సాయంత్రం ఒళ్ళు తుడిచి చీర మార్చాలి. రేపు పొద్దున ఆఖరి స్నానం చేయించాలి. మీ పొయ్యి మీద ఒక్క బిందె కాచి పంపండి."

"ఒక్క శవానికి ఒక్క బిందె చాలదుటే?"

"చాలదు. మీకు తొలిస్నానం ఎవరు పోశారు?"

వరాలక్క నోరు మూసుకుంది. నేను చూడటం అదే మొదలు. తల తిప్పుకుని, "బోషాణంలో రాగి బిందె ఉంది, అది పెడతాను," అంది.

రెండో ఇంటి ముందు గొంతు కొంచెం బాగా వచ్చింది. పదో ఇంటికి బొంగురుపోయింది. ఆగి అడిగినవాళ్ళకి ఒకటే చెప్పాను. అన్నం వండొద్దు, ఎవరూ తినొద్దు. నీళ్ళు మాత్రం పెట్టండి. గిన్నె లేకుండా మంట మాత్రం వెయ్యొద్దు.

బంగారయ్య గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆయన్ని చూడగానే మళ్ళీ భయం వేసింది.

"ఏంటమ్మా, ఇంట్లో శవాన్ని పెట్టుకుని కోడలిపిల్లవి వీధిలో తిరుగుతున్నావు?"

"మామ్మకి నీళ్ళు కావాలండి."

"నీళ్ళు మీ వాకిట్లో మూడు రాళ్ళ మీద కాస్తారు. అది పద్ధతి."

"అవునండి. అవి మా ఇంటి నీళ్ళు. ఊరి నీళ్ళు ఊరు కాయాలి. తను అందరికీ పోస్తే ఒక్కడూ తిరిగి పొయ్యలేదని మొన్న నవ్విందండి."

 నేను తర్వాతి ఇంటికి నడిచాను. వెనక నుంచి ఆయన లోపలికి వేసిన కేక వినబడింది. "ఒసేయ్, పెద్ద డేగిసా ఎక్కడుందే?"

సాయంత్రం మంచె ఎక్కాను. ఎవరు మాట నిలబెట్టుకుంటారో తెలియదు. ముందు ఎడమవైపు ఒక పొగ. ఆ తర్వాత రెండు. ఇరవై రెండు వస్తే సగం దాటినట్టు. ఇరవై దగ్గర కాసేపు ఆగిపోయింది.  చివరింటివాళ్ళ తడిసిన పుల్లలు కూడా అంటుకున్నాయి.

సాయంత్రం 42.

డేగ వచ్చింది. ఒక్కసారే తిరిగి వెళ్ళిపోయింది.

మా ఇల్లు కలపలేదు. వాకిట్లో రాళ్ళ మీద పెట్టింది పొయ్యి కాదు, ఇంట్లో పొయ్యి ఆరి ఉంది. నలభై మూడు వేస్తే ఏం పోయిందని వరాలక్క అంది. నలభై రెండే వేశాను.

పలక దగ్గరికి మా ఆయన వెళ్ళి చూసొచ్చారు. "జనం," అన్నారు.

మార్గశిరం, 25వ రోజు
ఉదయం 42. సాయంత్రం 42.

తెల్లవారుతూనే మళ్ళీ బిందెలు వచ్చాయి. రాగివి, ఇత్తడివి, సత్తువి, ఒకావిడ అన్నం కుండలోనే తెచ్చింది. రాత్రి బిందెలు వాకిట్లో ఇంకా ఖాళీ కాలేదు. అవి చల్లారిపోయాయి, ఇవి పొగలు కక్కుతున్నాయి. వాకిలంతా ఆవిరి. మావయ్యగారు పడవ దిగి వచ్చి, గుంపుని చూసి, ఊరికేదో అయిందని భయపడ్డారు.

అందరూ పోశారు. ఇంటికో చెంబు. బంగారయ్య గారు చెంబు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. వరాలక్క పోస్తూ, "ఇదిగో, పోశాను. పైకెళ్ళి పోయలేదని చెప్పకు," అంది. ఏడుస్తున్న వాళ్ళు నవ్వారు.

ఆఖరి చెంబు నేను పోశాను. చేత్తో నీళ్ళు తాకి చూసి పోశాను, ఆవిడకి మరీ వేడి పనికిరాదు.

మధ్యాహ్నం పడవలో ఇసుకతిన్నెకి తీసుకెళ్ళారు. ఆ తర్వాత ఊళ్ళో అన్నం వండుకున్నారు. మా పొయ్యి వెలగలేదు.

మార్గశిరం, 26వ రోజు
ఉదయం 42. సాయంత్రం 43.

మూడో రోజు. సాయంత్రం మా పొయ్యి అలికి వెలిగించాను.

పుష్యం, 9వ రోజు
ఉదయం 43. సాయంత్రం 43.

పుల్లంరాజు గారు వచ్చారు. నేను రాసిన పేజీల నకళ్ళు మూడు రాజ్యాలకీ వెళ్ళాయట. జవాబులు తెచ్చారు.

రేవుసీమ జవాబు రెండు పేజీలు. స్నానం నీళ్ళు కాచే పొయ్యిని వంటపొయ్యితో సమానంగా చూడవచ్చా అన్నది పరిశీలనలో ఉందట. అంతవరకూ అభ్యంతరం లేదట. కింద ఆనందవల్లి గారు చేత్తో ఒక వాక్యం రాశారు: "తాటిమెరక గురించి ఏం రాయాలో నాకు తెలియలేదు."

మా లంకసీమ, ఒప్పందం ఎంత బాగా పనిచేస్తోందో ఇదే నిదర్శనమని పెద్దసభకి రాసిందట. అది చదివి మా ఆయన పుల్లంరాజు గారి వైపు చూశారు. పుల్లంరాజు గారు చాప వైపు చూశారు.

గట్టుసీమ ప్రభుత్వం జవాబు ఇవ్వలేదు. బయటివాళ్ళ నియమాల గురించి ఉత్తరాలు రాయడం వాళ్ళ పద్ధతి కాదట. కానీ రాజలింగం గారు విడిగా ఒక చీటీ పంపారు. పుల్లంరాజు గారు చదివి వినిపించారు.

"అమ్మా, మా సర్కారు ఏం రాయదు. నేను మా ఏటిగడ్డ ఊర్లు పద్దెనిమిదింటికి పోయి చెప్పిన. చావైతే వాడల ఇంటికొక బిందె నీళ్ళు కాగవెట్టుమన్న. ఎవరు చెప్పిన్రు అంటే, మా తాతల కాలం సంది ఉన్నదే, మీరే మర్చిపోయిన్రు అని చెప్పిన. అట్ల చెప్తేనే ఇంటరు."

వరాలక్క పక్కింట్లోంచి వినేసింది. "చూశారా, మా తాయారు చేసింది వాళ్ళ తాతల ఖాతాలో వేసేసుకున్నాడు మీసాలాయన!"

"పోనీ అక్కా," అన్నాను.

"ఏంటీ?"

"పోనీ అన్నాను." ఈసారి గట్టిగా అన్నాను.

మా అమ్మ దగ్గర్నుంచీ ఉత్తరం వచ్చింది. తాటిమెరకవాళ్ళు ఇప్పుడుంటున్న కొత్త మెరకలో మొన్న ఒక ముసలాయన పోయాడట. ఊరు చిన్నది, ముప్పై ఒక్క ఇళ్ళు. చావింటిది తప్ప ముప్పై పొయ్యిల మీదా నీళ్ళు పెట్టారట. పలక మారలేదట. "ఎవరో చెప్పారమ్మా, ఇలా చెయ్యాలని. ఎవరో తెలీదు," అని రాసింది.

మంచె ఎక్కే వేళయింది.